పాయిజాన్ బ్రాకెట్ మారిస్తే క్వాంటమ్ గ్రావిటీ వస్తుందా?

అడిగినవారు బెంగళూరులో ఎమ్మెస్సీ ఫిజిక్స్ రెండో సంవత్సరం చదువుతున్నారు. వారి ప్రశ్న క్లుప్తంగా ఇది: "ప్రాజెక్టులో భాగంగా స్థానానికీ మొమెంటమ్‌కీ మధ్య ఉండే పాయిజాన్ బ్రాకెట్‌ని 1 అని కాకుండా 1 + బీటా × పి² అని తీసుకుని క్లాసికల్ మెకానిక్స్ లెక్కలన్నీ మళ్ళీ చేస్తున్నాను. దీన్నుంచి ప్లాంక్ పొడవు లాంటి కనిష్ఠ పొడవు వస్తుందని చదివాను. కానీ ఇందులో గ్రావిటీ ఎక్కడుందో నాకు కనపడలేదు. ఇది నిజంగా క్వాంటమ్ గ్రావిటీయేనా? దీని మీద పీహెచ్‌డీ చేయొచ్చా?"

సూటిగా చెప్తాను. ఈ బ్రాకెట్ అంటే, ఒక రాశి కాలంతో ఎలా మారుతుందో శక్తి సూత్రం నుంచి రాబట్టే నియమం; ఎక్స్ స్థానం, పి మొమెంటమ్ (ద్రవ్యవేగం). బ్రాకెట్ మార్చినంత మాత్రాన అది క్వాంటమ్ గ్రావిటీ, అంటే క్వాంటమ్‌నీ గురుత్వాన్నీ కలిపే సిద్ధాంతం, అయిపోదు. ఆ మాటకొస్తే బ్రాకెట్ ఒక్కటే మారిస్తే మీరింకా ఏమీ చెప్పనట్టే. మీ స్కేలు కొలిచేది ఏ ఎక్స్‌నో, శక్తి సూత్రాన్ని ఏ పి తో రాశారో, రెండు కణాలు కలిసినప్పుడు వాటి మొమెంటమ్‌లు ఎలా కూడుతాయో కూడా చెప్పాలి. అప్పుడే అందులో ఫిజిక్స్ మొదలవుతుంది. ఆ మార్పు గురుత్వం నుంచే పుట్టిందని చూపించగలిగితే అప్పుడు దానికి క్వాంటమ్ గ్రావిటీ అన్న పేరు తగుతుంది. అలా చూపించగలిగిన చోట్లు నిజంగానే ఉన్నాయి. నాకు ఈ దారి మీద మనసు పడింది వాటి వల్లే. పీహెచ్‌డీ చేయొచ్చు, ఎలాంటి ప్రశ్న పట్టుకుని చేయాలో కింద చెప్తాను.

నాది నెల్లూరు. పీహెచ్‌డీ కోసం చెన్నై వచ్చి, ఇక్కడే మ్యాథమెటికల్ ఫిజిక్స్ పాఠాలు చెప్తూ ఉండిపోయాను. ఫేజ్ స్పేస్‌తో (స్థానాల్నీ మొమెంటమ్‌లనీ కలిపి ఒకే స్థలంగా చూసేది) ఇరవై ఏళ్ళుగా సహవాసం చేస్తున్నాను కాబట్టి నేను చూసినవీ, నాకు దెబ్బ తగిలినవీ కలిపి రాస్తున్నాను.

ఈ ఆలోచన ఎక్కణ్ణుంచి వచ్చిందో రెండు మాటల్లో. చిన్నదాన్ని చూడాలంటే తక్కువ తరంగదైర్ఘ్యం కావాలి, అంటే ఎక్కువ శక్తి కావాలి. ఆ శక్తిని ఇరుకు చోట కుదించేకొద్దీ దాని గురుత్వం పెరుగుతుంది. ఒక హద్దు దాటితే అక్కడ బ్లాక్ హోల్ ఏర్పడుతుంది, ఇక లోపల ఏముందో చూడలేం. ఆ హద్దే ప్లాంక్ పొడవు, సుమారు 1.6 × 10⁻³⁵ మీటర్లు. ఈ తర్కాన్ని సమీకరణంలోకి తేవాలంటే దగ్గరి దారి అనిశ్చితత్వ సూత్రాన్ని (స్థానమూ మొమెంటమూ రెండూ ఒకేసారి కచ్చితంగా తెలియవన్న దాన్ని) సవరించడం. మీ చేతిలో ఉన్న బ్రాకెట్‌కి క్వాంటమ్ రూపాన్ని 1995లో కెంప్, మంగానో, మాన్ వివరంగా లెక్కగట్టారు. అందులో స్థానంలో ఉండే కనిష్ఠ అనిశ్చితి హెచ్-బార్ × √బీటా అని తేలుతుంది (హెచ్-బార్ అంటే ప్లాంక్ స్థిరాంకాన్ని 2 పై తో భాగిస్తే వచ్చేది). అంతకు చాలా ముందే, 1947లో హార్ట్‌లాండ్ స్నైడర్ వక్రంగా ఉన్న మొమెంటమ్ స్పేస్‌తో (మొమెంటమ్ విలువలన్నిటి స్థలం) మొదలుపెట్టి, స్థానాలు ఒకదానితో ఒకటి కమ్యూట్ కాని, అంటే వాటి మధ్య బ్రాకెట్ సున్నా కాని ప్రపంచాన్ని రాసి చూపించాడు. ఐన్‌స్టీన్ స్థలకాలాన్ని వంచితే, ఇక్కడ మొమెంటమ్ స్పేస్‌ని వంచుతున్నాం.

ఇలా ఒక చిన్న పరామితిని పట్టుకుని పాత నిర్మాణాన్ని కొద్దిగా వంచడాన్నే డిఫార్మేషన్ అంటారు. కొత్త అలవాటేం కాదు. వేగాలు కూడే పద్ధతిని కాంతివేగంతో వంచితే న్యూటన్ నుంచి సాపేక్షతకు వెళ్తాం. ఫేజ్ స్పేస్ మీద ప్రమేయాల గుణకారాన్నే హెచ్-బార్‌తో వంచితే క్వాంటమ్ మెకానిక్స్ వస్తుంది. దీన్ని 1946లో గ్రోనెవోల్డ్, 1949లో మొయాల్ చేసి చూపించారు. ఎలాంటి పాయిజాన్ నిర్మాణానికైనా ఇది సాధ్యమేనని 1997లో కొన్‌సెవిచ్ రుజువు చేశాడు. మరి గురుత్వ స్థిరాంకంతో దేన్ని వంచాలి? మీ ప్రాజెక్టు తెలిసో తెలియకో అడుగుతున్న ప్రశ్న ఇదే.

ఇక లెక్కలోకి వెళ్దాం. మామూలు స్ప్రింగుకి కట్టిన బరువు తీసుకోండి. శక్తి సూత్రం పాతదే, పి²/2ఎమ్‌కి స్ప్రింగు శక్తి కలిపింది. బ్రాకెట్ మాత్రం 1 + బీటా పి². చలన సమీకరణాలు రాస్తే, ఎక్స్ మారే రేటూ, పి మారే రేటూ రెండూ పాత విలువకు (1 + బీటా పి²) రెట్లు అవుతాయి. శక్తి మాత్రం మారదు కాబట్టి ఫేజ్ స్పేస్‌లో బరువు తిరిగే దారి పాత దీర్ఘవృత్తమే. దారి అదే, ఆ దారిలో నడిచే వేగం మారింది. పి ఎక్కువగా ఉన్న చోట, అంటే బరువు మధ్యలోంచి దూసుకెళ్ళే చోట, ఇంకా తొందరగా వెళ్తుంది. కోణాన్ని చలరాశిగా తీసుకుని చుట్టంతా ఇంటిగ్రేట్ చేస్తే ఆవర్తన కాలం ఉజ్జాయింపు లేకుండా వస్తుంది: పాత ఆవర్తన కాలాన్ని √(1 + బీటా × పి-గరిష్ఠం²) తో భాగించాలి. అంటే ఎంత పెద్దగా ఊపితే అంత తొందరగా ఊగుతుంది. మామూలు స్ప్రింగులో ఆవర్తన కాలం ఊపు మీద ఆధారపడదు, ఇక్కడ ఆధారపడుతుంది. దీన్ని చేత్తో ఒకసారి చేయండి, ఒక పేజీ పడుతుంది.

ఇప్పుడు అదే లెక్కకు రెండో వైపు చూడండి. కె అనే కొత్త చలరాశిని ఇలా పెట్టుకోండి: కె = (1/√బీటా) × ఆర్క్‌టాన్(√బీటా × పి). ఎక్స్‌కీ కె కీ మధ్య బ్రాకెట్ లెక్కగట్టండి. సరిగ్గా 1 వస్తుంది! మీ డిఫార్మేషన్ మాయమైంది. ఎక్కడికీ పోలేదు, శక్తి సూత్రంలోకి వెళ్ళి కూర్చుంది: పి²/2ఎమ్ ఉన్న చోట ఇప్పుడు టాన్²(√బీటా × కె)/(2ఎమ్ బీటా) ఉంటుంది. ఆవర్తన కాలం మాత్రం అదే. దీని వెనక ఉన్నది డార్బూ సిద్ధాంతం. సింప్లెక్టిక్ ఫేజ్ స్పేస్ (బ్రాకెట్ ఎక్కడా సున్నాగా దిగజారనిది) ఏదైనా సరే, చిన్న ముక్క వరకు చూస్తే, సరైన చలరాశులు ఎంచుకుని బ్రాకెట్‌ని మామూలు రూపంలోకి తెచ్చేయొచ్చు. భూమి ఉపరితలంలో చిన్న ముక్క చదునుగా కనిపించినట్టు కాదు ఇది. అక్కడ జాగ్రత్తగా కొలిస్తే వక్రత బయటపడుతుంది. ఇక్కడ ఎంత జాగ్రత్తగా కొలిచినా స్థానికంగా బయటపడేది ఏమీ ఉండదు.

నాకు దెబ్బ తగిలింది ఇక్కడే. పీహెచ్‌డీ రెండో ఏట ఐదు నెలలు కూర్చుని ఒక డిఫార్మ్ చేసిన బ్రాకెట్‌తో కెప్లర్ కక్ష్యలన్నీ లెక్కగట్టాను. కక్ష్య కొద్దికొద్దిగా తిరుగుతోంది, అంకె అందంగా వచ్చింది, పేపర్ కూడా రాసేశాను. సెమినార్ అయ్యాక టీ తాగుతుంటే మా సీనియర్, గుంటూరాయన, ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు: "నీ టెలిస్కోపు చూసేది ఈ ఎక్స్‌నా, లేక డార్బూ ఎక్స్‌నా?" నా దగ్గర జవాబు లేదు. ఆ బ్రాకెట్‌లో స్థానాలు కూడా కలిసిపోయి ఉన్నాయి కాబట్టి చలరాశులు మారిస్తే ఎక్స్ అర్థమే మారిపోతుంది. ఒక ఎక్స్ తీసుకుంటే కక్ష్య తిరుగుతుంది, ఇంకో ఎక్స్ తీసుకుంటే వేరే అంకెతో తిరుగుతుంది. ఏది గ్రహం స్థానమో నా సిద్ధాంతం ఎక్కడా చెప్పలేదు. ఆ పేపర్ పంపలేదు. ఆ రాత్రి హాస్టల్‌కి నడుస్తూ, ఐదు నెలల్లో ఒక్కసారైనా ఈ ప్రశ్న నాకెందుకు రాలేదా అని చాలా బాధపడ్డాను. అప్పటినుంచి ఎవరి పేపర్ చదివినా ముందు వెతికేది ఆ ఒక్క వాక్యం కోసమే.

అయితే డార్బూ అన్నీ తుడిచెయ్యదు. పి అనంతం దాకా వెళ్తుంటే కె మాత్రం −పై/(2√బీటా) నుంచి +పై/(2√బీటా) దాకానే వెళ్తుంది. అంటే పొడవులో ప్రతి మీటరుకీ ఫేజ్ స్పేస్ విస్తీర్ణం పరిమితం. చలరాశులు ఎన్నిసార్లు మార్చినా ఈ విస్తీర్ణం మారదు, ఎందుకంటే లియోవిల్ కొలత (ఫేజ్ స్పేస్ విస్తీర్ణాన్ని కొలిచే పద్ధతి) మారదు. క్వాంటమ్‌లో ఒక్కో స్థితికి కొంత విస్తీర్ణం కావాలి కాబట్టి, ఒక మీటరు పొడవులో పట్టే స్థితుల సంఖ్యకు హద్దు వచ్చేసింది. కనిష్ఠ పొడవు అన్న మాటకు గట్టి అర్థం ఇదే అని నా అభిప్రాయం. అనిశ్చితి సూత్రంలో అదనపు పదం కంటే ఇది నమ్మదగింది. మీ రిపోర్టులో దీనికి ఒక అధ్యాయం ఇవ్వండి.

ఒక దిశ నుంచి మూడు దిశలకు వెళ్ళేటప్పుడు ఇంకో గుంట ఉంది, జాకోబీ ఐడెంటిటీ: ఏ మూడు రాశులకైనా ఒకదానిలో ఒకటిగా బ్రాకెట్లు తీసి, వరసగా తిప్పుతూ కూడితే సున్నా రావాలన్న నియమం. ఒకే దిశలో బ్రాకెట్ ఏది పెట్టినా జాకోబీ దానంతటదే సరిపోతుంది, అందుకే ఎవరికీ అనుమానం రాదు. మూడు దిశల్లో ఎక్స్-ఐ, పి-జె ల బ్రాకెట్‌ని (1 + బీటా పి²) అని పెట్టి, మొమెంటమ్‌లు వాటిలో అవి కమ్యూట్ అవుతాయని ఉంచి, స్థానాలు కూడా కమ్యూట్ అవుతాయని రాసేస్తే జాకోబీ చెడిపోతుంది. అది నిలవాలంటే స్థానాల బ్రాకెట్ 2 బీటా × (పి-ఐ ఎక్స్-జె − పి-జె ఎక్స్-ఐ) అయి తీరాలి. స్నైడర్ చూసిన కమ్యూట్ కాని స్థానాలు ఇలా వాటంతటవే తిరిగి వస్తాయి.

రెండేళ్ళ క్రితం ఒక విద్యార్థి ఇదే తప్పుతో వచ్చాడు. కంప్యూటర్లో శక్తి పదో దశాంశం దాకా స్థిరంగా ఉంది సార్, కాబట్టి ప్రోగ్రామ్ కరెక్టే అన్నాడు. శక్తి ఎప్పుడూ స్థిరంగానే ఉంటుంది, ఎందుకంటే దేనికైనా దానితోనే బ్రాకెట్ తీసుకుంటే సున్నా. జాకోబీ చెడిందో లేదో అది చెప్పదు. నేను ఇంకో పరీక్ష చెప్పాను: మొదట్లో ఎక్స్-పి బ్రాకెట్ విలువ చూడు, కొంతసేపు నడిపాక తుది స్థానాన్నీ తుది మొమెంటమ్‌నీ మొదటి విలువల ప్రమేయాలుగా తీసుకుని అదే బ్రాకెట్ మళ్ళీ లెక్కగట్టు, రెండూ ఒకే సూత్రానికి ఒదగాలి. ఒదగలేదు. జాకోబీ లేకపోతే కాలం గడిచేకొద్దీ బ్రాకెట్ దాని రూపాన్ని నిలుపుకోదు. మీ ప్రోగ్రామ్‌లో కూడా ఈ పరీక్ష పెట్టుకోండి, అరగంట పని.

ఇప్పుడు అసలు పెద్ద చిక్కు. దీన్ని ఇంగ్లిష్‌లో సాకర్ బాల్ సమస్య అంటారు. మన చెపాక్‌కి సరిపోయేలా క్రికెట్ బంతితోనే చెప్తాను, అంకెలు అంత చక్కగా కుదురుతాయి కాబట్టి. బంతి బరువు సుమారు 160 గ్రాములు. గంటకు 147 కిలోమీటర్ల వేగంతో వేస్తే దాని మొమెంటమ్ దాదాపు 6.5 కిలోగ్రామ్-మీటర్/సెకను. ప్లాంక్ ద్రవ్యరాశి 22 మైక్రోగ్రాములు, దాన్ని కాంతివేగంతో గుణిస్తే వచ్చే ప్లాంక్ మొమెంటమ్ ఎంత? అదీ 6.5! ప్లాంక్ పొడవు ఊహకందనంత చిన్నది, ప్లాంక్ మొమెంటమ్ మాత్రం ఫాస్ట్ బౌలర్ చేతిలో ఉంటుంది. కాబట్టి బీటాని 1/(ప్లాంక్ మొమెంటమ్)² అని తీసుకుంటే, ఆ బంతికి 1 + బీటా పి² విలువ 2 అవ్వాలి. పి/ఎమ్ ఎంతో దానికి రెట్టింపు వేగంతో బంతి బ్యాట్స్‌మన్ని చేరాలి. అలాంటిదేదీ జరగదని ఎవరికైనా తెలుసు.

తప్పు ఎక్కడుంది? బంతి ఒక కణం కాదు. ఎన్ కణాలున్నాయనుకుందాం, అన్నీ కలిసికట్టుగా ఒకే మొమెంటమ్‌తో కదులుతున్నాయి. మొత్తం మొమెంటమ్ పెద్ద-పి, ఒక్కోదానిది పెద్ద-పి/ఎన్. ద్రవ్యకేంద్రం అన్ని స్థానాల సగటు. ఆ సగటుకీ పెద్ద-పి కీ బ్రాకెట్ తీస్తే 1 + బీటా × (పెద్ద-పి/ఎన్)² వస్తుంది. అంటే బంతికి వర్తించే బీటా అసలు బీటాని ఎన్² తో భాగించింది. బంతిలో ప్రోటాన్లూ న్యూట్రాన్లూ 10²⁶ దాకా ఉంటాయి, కాబట్టి ప్రభావం 10⁵² రెట్లు తగ్గిపోతుంది. బంతి బతికింది.

కానీ ఈ జవాబుతో నేను పూర్తిగా తృప్తి పడను, మీరూ పడొద్దు. ఎన్ అంటే ఏం లెక్కపెట్టాలి? అణువులా, ప్రోటాన్లా, క్వార్కులా? ఒక్కోటి లెక్కపెడితే ఒక్కో ప్రభావం వస్తుంది. పైగా మొమెంటమ్‌లు మామూలుగా కూడుతాయని మనం దొంగతనంగా అనుకున్నాం. వంగిన మొమెంటమ్ స్పేస్‌లో అవి మామూలుగా కూడవు. ఈ ప్రశ్నకు సిద్ధాంతమే జవాబు చెప్పాలి, మన ఇష్టం కాదు. బుధగ్రహం కక్ష్య ఎంత తిరుగుతుందో కచ్చితంగా తెలుసు కాబట్టి బీటా ఇంతకంటే తక్కువ అని హద్దులు పెట్టే లెక్కలు మీకు కనిపిస్తాయి. గ్రహాన్ని ఒకే కణంగా తీసుకుని పెట్టిన ఆ హద్దులు ఎంత గట్టిగా కనిపిస్తే అంత అనుమానించండి. ఇదే కారణంగా ప్రయోగాలని కూడా జాగ్రత్తగా చదవాలి. 2013లో ఇటలీలో గురుత్వ తరంగాల కోసం కట్టిన, రెండు టన్నులకు పైగా బరువున్న అల్యూమినియం కడ్డీ కంపనాల నుంచి ఇలాంటి హద్దు ప్రకటించారు. 2015లో ప్లాంక్ ద్రవ్యరాశికి అటూ ఇటూ బరువుండే చిన్నచిన్న ఆసిలేటర్లతో, ఊపు పెరిగితే ఫ్రీక్వెన్సీ మారుతుందా అని చూశారు. పైన మీరు చేసిన స్ప్రింగు లెక్కనే వాళ్ళు ల్యాబ్‌లో వెతికారు. ప్రయోగాలు అద్భుతమైనవి. అయితే హద్దు పడింది ద్రవ్యకేంద్రానికి వర్తించే బీటా మీద, కణం బీటా మీద కాదు.

ఇంతకీ గ్రావిటీ ఎక్కడుంది? మీ ప్రశ్నలో నాకు బాగా నచ్చింది ఇదే. బీటాని చేత్తో పెట్టే బదులు గురుత్వమే దాన్ని పుట్టించే చోటు ఒకటి ఉంది: రెండు స్థల దిశలు, ఒక కాల దిశ ఉన్న గురుత్వం. 1984లో డెసర్, జాకివ్, ట్ హూఫ్ట్ దీన్ని విడమరిచి చూపించారు. మెరీనాలో సుండల్ కట్టిచ్చే కాగితం పొట్లం గుర్తు తెచ్చుకోండి. పొట్లం విప్పితే కాగితం చదునే, వక్రతంతా మొన దగ్గరే. అక్కడ ద్రవ్యరాశి కూడా అంతే. కణం ఉన్న బిందువు దగ్గర స్థలంలోంచి ఒక కోణం కోసేసి అంచులు అతికించినట్టు ఉంటుంది. ఆ కోణం 8 పై × గురుత్వ స్థిరాంకం × ద్రవ్యరాశి, కాంతివేగాన్ని 1 గా తీసుకుంటే. మొన చుట్టూ ఒక బాణం గుర్తుని దిశ మార్చకుండా తిప్పుకుని తెస్తే అది అంత కోణం తిరిగి వస్తుంది.

కాగితం మీద చేసి చూడండి. ఏ4 కాగితంలో ఒక ముక్క కోసి అతికించండి, మొన చుట్టూ చిన్నచిన్న బాణాలు గీయండి. కణం నిలకడగా ఉంటే ఆ తిరుగుడు ఒక భ్రమణం, కదులుతుంటే ఒక లొరెంట్జ్ మార్పు (సాపేక్షతలో వేగం మారితే వచ్చే మార్పు కలిసినది). అంటే కణం మొమెంటమ్ ఇప్పుడు ఒక వెక్టర్ కాదు, ఒక గ్రూప్ మూలకం, అంటే ఒకదాని తర్వాత ఒకటి చేయగలిగే ఇలాంటి మార్పుల సమూహంలో ఒకటి. ఆ గ్రూప్ స్వయంగా వంగిన స్థలం. రెండు కణాల్ని కలిపి చుట్టి వస్తే రెండు మూలకాల గుణకారం వస్తుంది, ఏది ముందు ఏది తర్వాత అన్నది ముఖ్యం. మొమెంటమ్‌లు ఎలా కూడాలి అన్న ప్రశ్నకు గురుత్వమే జవాబు చెప్పేసింది! 1998లో మాట్షుల్, వెల్లింగ్ ఈ కణం ఫేజ్ స్పేస్‌ని మొదటి నుంచి చివరిదాకా లెక్కగట్టారు, స్థానాలు వాటిలో అవి కమ్యూట్ కావని ఫలితంగా వచ్చింది. ఇంకో విశేషం చూడండి. ఈ ప్రపంచంలో గురుత్వ స్థిరాంకానికి విలోమం తీస్తేనే ద్రవ్యరాశి వచ్చేస్తుంది, హెచ్-బార్ అక్కర్లేదు. అంటే డిఫార్మేషన్ పూర్తిగా క్లాసికల్. హెచ్-బార్ తర్వాత వచ్చి పొడవుని తెస్తుంది. "డిఫార్మ్ చేసిన క్లాసికల్ ఫేజ్ స్పేస్" అన్న మాటకు ఇంత శుభ్రమైన ఉదాహరణ ఇంకోటి నాకు తెలీదు.

మన మూడు దిశల ప్రపంచంలో ఇంత సులువు కాదు. ఇక్కడ గురుత్వ స్థిరాంకంలోంచి ద్రవ్యరాశి రావాలంటే హెచ్-బార్ కావాలి. 2011లో అమెలినో-కమేలియా, ఫ్రైడెల్, కొవాల్స్కీ-గ్లిక్మన్, స్మోలిన్ ఒక ఆలోచన పెట్టారు. హెచ్-బార్‌నీ గురుత్వ స్థిరాంకాన్నీ రెంటినీ సున్నాకి తీసుకెళ్తూ వాటి నిష్పత్తిని అలాగే ఉంచండి. ప్లాంక్ పొడవు సున్నా అవుతుంది, ప్లాంక్ ద్రవ్యరాశి మిగులుతుంది. క్వాంటమ్ లేదు, గురుత్వం లేదు, వంగిన మొమెంటమ్ స్పేస్ మాత్రం మిగిలిపోతుంది. అందమైన ఆలోచన. పూర్తి నాలుగు మితుల గురుత్వం నుంచి ఇది వస్తుందన్న రుజువు మాత్రం లేదు.

ఇంకో ఉదాహరణ లూప్ కాస్మాలజీ, అంటే లూప్ క్వాంటమ్ గ్రావిటీ ఆలోచనల్ని విశ్వం మొత్తానికీ వర్తింపజేసేది. అక్కడ విశ్వం మొత్తానికీ ఒకే జంట చలరాశులు, ఘనపరిమాణమూ, దాని జోడీ బి (విస్తరణ రేటు లాంటిది). లూప్ సిద్ధాంతంలో విస్తీర్ణానికి ఒక కనిష్ఠ ముక్క ఉంటుంది కాబట్టి బి స్థానంలో సైన్(లాంబ్డా × బి)/లాంబ్డా వస్తుంది. ఈ సైన్‌ని కొత్త పి అనుకోండి. ఘనపరిమాణంతో దాని బ్రాకెట్ √(1 − లాంబ్డా² పి²) అవుతుంది. మీ బ్రాకెట్‌కి చుట్టమే, గుర్తు మాత్రం తిరగబడింది. శక్తి సూత్రాన్ని వంచడమూ బ్రాకెట్‌ని వంచడమూ ఒకటేనని పైన ఆర్క్‌టాన్‌తో చూసిందే ఇది. ఫలితంగా, విశ్వం ఎంత వేగంగా వ్యాకోచిస్తుందో చెప్పే ఫ్రీడ్‌మన్ సమీకరణంలో (1 − సాంద్రత/గరిష్ఠ సాంద్రత) అనే గుణకం చేరి, సాంద్రత ప్లాంక్ సాంద్రతలో సుమారు 0.41 వంతుకి చేరగానే విశ్వం కుంచించుకోవడం ఆగి తిరిగి వ్యాకోచిస్తుంది. విశ్వం ఇలా తిరగబడుతుందని 2006లో అష్టేకర్, పవ్లోవ్‌స్కీ, పరంప్రీత్ సింగ్ చూపించారు. ఇక్కడ లాంబ్డా చేత్తో పెట్టింది కాదు. అయినా సమరూపంగా ఉన్న విశ్వాన్ని ముందే అనుకుని చేసిన లెక్క అన్నది మరిచిపోవద్దు.

ఆకాశం ఏం చెప్పింది అన్నది త్వరగా చెప్పేస్తాను. కొన్ని డిఫార్మేషన్లలో కాంతివేగం శక్తిని బట్టి కొద్దిగా మారుతుంది. 2009 మే 10న వచ్చిన గామా కిరణాల పేలుడులో 31 గిగా ఎలక్ట్రాన్ వోల్టుల ఫోటాన్ ఒకటి ఏడు వందల కోట్ల ఏళ్ళకు పైగా ప్రయాణించి, మిగతావాటితో పాటే ఒక సెకను లోపు ఫెర్మీ టెలిస్కోపుకి చేరింది. 2022 అక్టోబర్ 9 నాటి పేలుడుని చైనాలోని ఎల్‌హాసో అబ్జర్వేటరీ చూసింది. శక్తితో నేరుగా అనులోమంగా మారే తేడా ఉంటే దాని స్కేలు ప్లాంక్ శక్తికి పది రెట్ల పైన ఉండాలని తేలింది, అంటే ఆ రకం దాదాపు పోయినట్టే. శక్తి వర్గంతో మారే రకం మీద హద్దులు ఇంకా ప్లాంక్ శక్తికి చాలా కిందే ఉన్నాయి. మీ బ్రాకెట్‌లో ఉన్నది పి² కాబట్టి దీన్ని చూసి కంగారు పడకండి. ఫోటాన్ గురించి మాట్లాడాలంటే ముందు మీ బ్రాకెట్‌కి సాపేక్ష రూపం కావాలి, అది ఇంకా మీ దగ్గర లేదు.

పీహెచ్‌డీ సంగతి. ఫలానా డిఫార్మేషన్ తీసుకుని ఫలానా సమస్య మళ్ళీ లెక్కగట్టడం అన్న పని మీద నాలుగేళ్ళు పెట్టొద్దు. పేపర్లు వస్తాయి, టెన్షన్ లేకుండా డిగ్రీ కూడా రావచ్చు, కానీ వైవాలో ఎవరైనా "ఏ ఎక్స్?" అని అడిగితే నేను నిలబడిపోయినట్టే నిలబడాల్సి వస్తుంది. నేనైతే ఈ ప్రశ్న పట్టుకోమంటాను. గురుత్వానికి అసలైన ఫేజ్ స్పేస్ కణాలది కాదు, స్థలం ఆకారానిది. అందులో డిరాక్ 1950ల్లో చూపించిన కన్‌స్ట్రెయింట్లు (తప్పక పాటించాల్సిన షరతులు) ఉంటాయి, వాటి బ్రాకెట్లు వాటిలోనే మూసుకోవాలి, అంటే రెండు కన్‌స్ట్రెయింట్ల బ్రాకెట్ తీస్తే మళ్ళీ కన్‌స్ట్రెయింట్లే రావాలి. కాలాన్ని మీరు ఒకలా ముక్కలు చేసినా నేను ఇంకోలా చేసినా ఒకే ఫిజిక్స్ రావడానికి హామీ అదే. హామిల్టోనియన్ కన్‌స్ట్రెయింట్‌లో (కాలం నడకను నిర్ణయించేది) సైన్ లాంటి మార్పు పెడితే ఆ మూసుకోవడం నిలుస్తుందా, నిలిస్తే ఏ రూపంలో? కొన్ని మోడళ్ళలో నిలుస్తుంది, బ్రాకెట్‌లో ఒక అదనపు గుణకం వస్తుంది, అధిక సాంద్రత దగ్గర దాని గుర్తే మారి కాలం కూడా స్థలంలా ప్రవర్తిస్తుంది. పదార్థం కలిపాక, సమరూపత తగ్గించాక ఏం జరుగుతుందన్నది ఇంకా తెరిచి ఉన్న ప్రశ్న. జాకోబీ పరీక్షకు ఇది పెద్దన్న లాంటిది, మీరు ఇప్పుడు నేర్చుకుంటున్నదంతా అక్కడ పనికొస్తుంది.

ఈ పని కోసం ఊళ్ళు దాటక్కర్లేదు. మీ ఊళ్ళోనే సదాశివనగర్‌లో రామన్ పరిశోధన సంస్థ ఉంది, హెసరఘట్ట వైపు సైద్ధాంతిక విజ్ఞానాల కేంద్రం ఐసీటీఎస్ ఉంది. ఇక్కడ తరమణిలో గణిత విజ్ఞాన సంస్థ, సిరుసేరిలో చెన్నై మ్యాథమెటికల్ ఇన్‌స్టిట్యూట్ ఉన్నాయి. బ్లాక్ హోల్ ఎంట్రోపీకి లాగరిథమ్ సవరణని 2000లో కౌల్, మజుందార్ లెక్కగట్టింది తరమణిలోనే. జెస్ట్ (ఇలాంటి సంస్థల్లో పీహెచ్‌డీకి ప్రవేశ పరీక్ష) రాయండి. అప్లై చేసే ముందు ఆ సంస్థల్లో ఎవరు కన్‌స్ట్రెయింట్ల మీద పనిచేస్తున్నారో వాళ్ళ ఇటీవలి పేపర్లు రెండు చదివి, అర్థం కాని ఒక వాక్యం పట్టుకుని మెయిల్ రాయండి. నాకు వచ్చే మెయిల్స్‌లో నేను వెంటనే జవాబిచ్చేవి అలాంటివే.

ఈ వారానికి ఇంత చేయండి. స్ప్రింగు ఆవర్తన కాలాన్ని ముందు ఎక్స్-పి లతో, తర్వాత ఎక్స్-కె లతో, రెండుసార్లు లెక్కగట్టండి. రెండోసారి టాన్ ఉన్న ఇంటిగ్రల్ దగ్గర ఇరుక్కునే అవకాశం ఉంది, అక్కడ టాన్‌నే కొత్త చలరాశిగా పెట్టుకోండి, మళ్ళీ పి తిరిగొస్తుంది. రెండు జవాబులూ కలవకపోతే మీ స్టెప్పులు ఈ కిందే పెట్టండి, చూసి చెప్తాను.